ఒప్పుకున్న జవాబు

'ఖాళీలను పూరింపుము' అని చిన్నప్పుడు పంతులుగారు బోర్డు మీద రాస్తుంటే, ఆ ఖాళీలు పెట్టడమే ఒకనాటికి తన బతుకుదెరువు అవుతుందని గోవర్ధన్ కలలో కూడా అనుకోలేదు. నాచారంలో మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో అతను ట్రైనింగ్ ఆఫీసరు. పేరుకు ఆఫీసరే గాని చేసేది పంతులు పనే. ఏ మెషీన్ ఎట్లా నడపాలో పనివాళ్లకు చెప్పాలి. చెప్పింది తలకెక్కిందో లేదో పరీక్ష పెట్టి చూడాలి. ఆ మార్కులు కంప్యూటర్లో భద్రంగా ఉంచాలి. మందుల కంపెనీ కదా, తనిఖీకి ఎవరు వచ్చినా ముందు అడిగేది అవే.

మొదట్లో పరీక్షలు మహా సుఖంగా సాగేవి. ప్రశ్న కింద నాలుగు జవాబులు, ఏదో ఒకదాని మీద వేలు పెడితే చాలు. ప్రశ్న చదవకుండా వరసగా మూడో జవాబు మీదే వేలు పెట్టుకుంటూ పోయిన మహానుభావుడు కూడా పాసయ్యాడు. సరైన జవాబును మూడో చోట పెట్టే అలవాటు గోవర్ధన్‌కు ఉండేది మరి. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఆ మార్కులు చూసి, "మీ దగ్గర అందరూ మేధావులేనండీ" అని నవ్వి పోయాడు. ఆ నవ్వు క్వాలిటీ హెడ్ చిదంబరం మనసులో ముల్లై కూర్చుంది. "ఈ వేలు పెట్టే పరీక్షలు ఇక వద్దు. ఖాళీలు పెట్టు. తెలిసినవాడే రాస్తాడు" అని గోవర్ధన్‌కు హుకుం జారీ చేశాడు.

ఖాళీ పెట్టడానికి ఒక గీత చాలు. దిద్దేటప్పుడే తాతలు దిగివస్తారు. 'డ్రయ్యర్‌లో వేడి మితిమీరి అలారం మోగితే మొదట చేయవలసిన పని ______' అని అడిగితే ఒకరు 'హీటర్ ఆపాలి' అని రాస్తారు, ఒకరు 'హీటర్ బంద్ చేయాలె' అంటారు, ఇంకొకరు 'స్విచ్ ఆఫ్' అని తేల్చేస్తారు. మూడూ ఒకటేనని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ముందే దానికి నేర్పిన జవాబుల్లో ఉంటే ఒప్పు, లేకపోతే తప్పు. అందుకని ప్రతి పరీక్ష అయ్యాక గోవర్ధన్ కూర్చుని తప్పులన్నీ ఒక్కొక్కటే చూసేవాడు. నిజానికి ఒప్పే అయినదాని మీద 'ఒప్పుకో' అనే బటన్ నొక్కేవాడు.

నొక్కగానే తెర మీద ఇంకో ప్రశ్న వచ్చేది. ఈ ఒక్కరికేనా, అందరికీనా? ఒక్కరికే అంటే కారణం రాయాలి. ఆ కారణం ఆ మనిషి పేరుతో సహా చిదంబరం దగ్గరికి పోతుంది. అందరికీ అంటే ఏ పేరూ ఉండదు, అడిగేవాళ్లూ ఉండరు. ఆ జవాబు రాసిన వాళ్లందరికీ మార్కు కలుస్తుంది, ఇకముందు రాసేవాళ్లకూ కలుస్తుంది. గోవర్ధన్ ఈ పని ఓపికగా, నిజాయితీగా చేసేవాడు. పనివాళ్లు అతన్ని 'ఖాళీల సార్' అని పిలుచుకునేవాళ్లు. ఆ పేరంటే అతనికి లోలోపల ఇష్టమే.

ఆ పనివాళ్లలో బిక్షపతి ఒకడు. గోవర్ధన్‌కు స్వయానా అక్క మొగుడు. పనిచేసేది ట్రే డ్రయ్యర్ మీద. అంటే నిలువెత్తు ఇనప బీరువా అనుకోండి. తడి పొడిని పళ్లాల్లో పరిచి లోపల పెట్టి తలుపు వేస్తే, వేడిగాలి దాన్ని ఆరబెడుతుంది. గోవర్ధన్ తండ్రి పోయాక అక్క అండాలు, బిక్షపతి అతన్ని ఉప్పల్‌లోని తమ ఇంటికి తెచ్చుకున్నారు, బీఫార్మసీ చదివించారు. పరీక్షలున్న రోజుల్లో బిక్షపతి డ్యూటీ నుంచి వచ్చి, కూర్చోకుండానే మళ్లీ బండి తీసి అతన్ని కాలేజీలో దింపేవాడు. చదువయ్యాక మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మా బామ్మర్ది సార్, మంచిగ సదివిండు, జర సూడున్రి" అని ఈ ఉద్యోగం ఇప్పించిందీ అతనే. ఇప్పుడు కంపెనీలో నలుగురి ముందు ఆ బావే అతన్ని 'గోవర్ధన్ సార్' అంటాడు. అన్నప్పుడల్లా గోవర్ధన్‌కు చెవులు వేడెక్కుతాయి. ఇప్పుడు వేరే గదిలో ఉంటున్నా ఆదివారాలు భోజనం అక్క ఇంట్లోనే, అక్కడ మళ్లీ 'అరేయ్'. ఆ అరేయ్ వింటే గాని అతనికి అన్నం సయించదు.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఏ మెషీన్ పరీక్షలో పాసైనవాళ్ల ఫొటో ఆ మెషీన్ పక్కన గోడకు అతికిస్తారు. ఫొటో ఉన్నవాడే దాన్ని ముట్టుకోవాలి. దసరాకు ఆయుధపూజ రోజున ఆ మెషీన్‌కు గుమ్మడికాయ కొట్టేది కూడా అతనే. డ్రయ్యర్‌కు ఎన్నో ఏళ్లుగా కొడుతున్నది బిక్షపతి. ఆ రోజుకోసం అండాలు కొత్త చొక్కా కుట్టించి పెట్టేది. ఇక పరీక్షలో రెండుసార్లు తప్పినవాళ్ల ఫొటో ఊడబీకుతారు, వాళ్లను లోడింగ్‌కు పంపుతారు. అక్కడ పొద్దంతా అట్టపెట్టెలు మోయడమే పని.

ఖాళీల పరీక్ష మొదటిసారి పెట్టినప్పుడు బిక్షపతి తప్పాడు. పరీక్ష రాసే ట్యాబ్ మీద అక్షరాలు వెతుక్కునేసరికే టైమ్ అయిపోయింది.

ఆ ఆదివారం అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నాక అండాలు గంటె పట్టుకునే మాట కదిపింది. "రైటు పెట్టుడు, తప్పు పెట్టుడు నీ చేతులనే ఉన్నదటగదరా తమ్మీ?"

"అండాలూ, నువ్వు ఊకో" అన్నాడు బిక్షపతి. "వాని నౌకరి వాన్ని జేస్కోనియ్యి."

"ఊకుంటే ఎట్లయితది? మోకాళ్లు వంగుతలేవు, రేపు డబ్బాలు మోస్తడా ఈ మనిషి? దసరాకు గుమ్మడికాయ ఎవలు కొడ్తరు మరి?"

"అక్కా, ఫికర్ జెయ్యకు" అన్నాడు గోవర్ధన్. "బావకు పని రాక గాదు. జర టైపింగ్ అలవాటయితే సాలు."

ఆ మధ్యాహ్నం తన ఫోన్ ఇచ్చి బావతో తెలుగు అక్షరాలు కొట్టించాడు. బిక్షపతి గోరంత అక్షరానికి బొటనవేలు పెట్టి, ఒకటి కొడితే మూడు పడి, తన్ను తానే తిట్టుకుని, చివరికి 'అండాలు' అని తప్పులేకుండా కొట్టాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

రెండో పరీక్ష అయిన రోజు భోజనాల తర్వాత గోవర్ధన్ తప్పులు దిద్దడానికి కూర్చున్నాడు. ఈసారి బావ ఖాళీలన్నీ నింపాడు. పాసవడానికి ఒక్క మార్కే తక్కువ. తప్పైన జవాబులు చూసుకుంటూ పోతే అలారం ప్రశ్న దగ్గర ఆగాడు. 'తలుపు తీయాలి' అని ఉంది అక్కడ.

అది తప్పు. అర తప్పు, ముప్పావు తప్పు అనే రకం కాదు, నిండా తప్పు. అలారం మోగినప్పుడు తలుపు తీస్తే లోపలి గాలి మీదపడి మనిషిని కాలుస్తుంది. ఆ సంగతి గోవర్ధన్‌కు పుస్తకం చదివితే తెలిసింది కాదు. బావ కుడిచేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా నున్నగా మెరిసే మచ్చ ఉంది. పొడి మాడిపోతుందన్న ఆత్రంలో పాత డ్రయ్యర్ తలుపు తీసిన నాటిది. ఆ రోజుల్లో బావ బండి హ్యాండిల్ పట్టలేకపోతే గోవర్ధన్ బస్సెక్కి కాలేజీకి పోయాడు. ఆ జవాబు తప్పని బావ చేతి మీదే రాసి ఉంది. అంత కాలినా చేతికి పాత అలవాటు పోలేదు, గడియారం చూసి గాబరాపడి అదే రాసింది.

గోవర్ధన్ కళ్ల ముందు గోడ మీది ఫొటో కదిలింది. అట్టపెట్టెలు కదిలాయి. అక్క కుట్టించిన చొక్కా కదిలింది. వేలు 'ఒప్పుకో' మీదికి పోయింది. ఈ ఒక్కరికేనా, అందరికీనా అని తెర అడిగింది.

ఒక్కరికే అంటే బావ పేరు చిదంబరం దాకా పోతుంది. బామ్మర్ది బావను గట్టెక్కించాడని గేటు బయట చాయ్ బండి దాకా పాకుతుంది. అందరికీ అంటే ఎవరికీ అనుమానం రాదు. ఇంకో నలుగురైదుగురు కూడా ఆ తప్పే రాశారు, వాళ్లూ పాసవుతారు, పోనీ పుణ్యం. ఒక్కడికి చేస్తే పక్షపాతం, అందరికీ చేస్తే సవరణ. తిలాపాపం తలా పిడికెడు అని పెద్దలు ఊరికే అన్నారా! ఇలా తనకు తాను నచ్చజెప్పుకుని గోవర్ధన్ 'అందరికీ' అని నొక్కాడు. అప్పుడే వచ్చిన చాయ్ చల్లారకుండా తాగాడు కూడా.

బిక్షపతి పాసయ్యాడు. అండాలు ఇల్లిల్లూ తిరిగి లడ్డూలు పంచింది. బిక్షపతి మాత్రం లడ్డూ కొరకకుండా చేతిలో పట్టుకుని గోవర్ధన్‌ను మిద్దె మీదికి పిలిచాడు.

"అరేయ్, నేను అలారం కాడ తలుపు తీయాలె అని రాసిన గదా. బయటికొచ్చినంక యాదికొచ్చింది, తప్పు రాస్తినని. మరెట్ల పాసయిన?"

"రెండూ కరెక్టే బావా. ఒక్కో మిషన్‌కు ఒక్కో తీరు ఉంటది."

బిక్షపతి ఒకసారి తన చేతి వంక చూసుకున్నాడు. తర్వాత బామ్మర్ది మొహం వంక చూశాడు. "సదువుకున్నోనివి. నీకే ఎరుక" అని లడ్డూ నోట్లో వేసుకున్నాడు. గోవర్ధన్ మాత్రం మెట్రో స్తంభాల వంక చూస్తూ నిలబడ్డాడు. చదువు చెప్పించినవాడికే అబద్ధం చెప్పాడు, అది కూడా చదువు పేరు మీద. మొదటిసారి సిగ్గనిపించింది. దసరాకు ఇంకా రోజులున్నాయి, అప్పటికి అన్నీ సర్దుకుంటాయని ఆ సిగ్గును కప్పేశాడు.

అతను మరిచిపోయింది ఒకటుంది. ఆ కంప్యూటర్ మార్కులు వేసి ఊరుకోదు. కొత్తగా పరీక్ష రాయబోయేవాళ్లు ముందు నేర్చుకోవడానికి ఒక పేజీ చూపిస్తుంది. అందులో ప్రతి ప్రశ్న కింద ఒప్పుకున్న జవాబులన్నీ ఉంటాయి. కొత్తగా చేర్చింది అన్నిటికంటే పైన.

ఆ పేజీ ముందు కూర్చున్నది దీప. నాచారం పాత ఊరి పిల్ల, పెళ్లయి రెండేళ్లు. ప్యాకింగ్‌లో అట్టపెట్టెలకు టేపు వేసీ వేసీ విసిగిపోయి, మెషీన్ మీద నిలబడాలని పట్టుబట్టింది. డ్రయ్యర్ పక్కన అప్పటిదాకా ఆడమనిషి ఫొటో లేదు. ఏదో వరస కలిపి బిక్షపతిని మామా అనేది. 'నా ఫొటో నీ ఫొటో పక్కన్నే పెట్టిస్త సూడు మామా' అని పందెం కట్టింది. భోజనాల వేళ అందరూ కబుర్లలో ఉంటే ఆమె ఒక మూల ట్యాబ్ పట్టుకుని కూర్చునేది. ఒకరోజు వరండాలో పోతున్న గోవర్ధన్‌ను ఆపింది.

"సార్, జర ఆగున్రి. అలారం ప్రశ్నకు రెండు తీర్ల జవాబులున్నయి. తలుపు తీయాలె అని ఒకటి, హీటర్ ఆపాలె అని ఒకటి. ఏది రాయాలె?"

అక్కడే, ఆ క్షణానే, 'మొదటిది తప్పమ్మా, పొరపాటున పడింది' అంటే సరిపోయేది. అంటే దాన్ని తీసేయాలి. తీసేస్తే కంప్యూటర్ అందరి మార్కులూ మళ్లీ లెక్కగడుతుంది. బావ పరీక్ష తప్పుతాడు. గోడ మీది ఫొటో ఊడిపోతుంది.

"ఏది రాసినా మార్కొస్తది" అని, చూడవలసిన పని ఏదో ఉన్నట్టు చరచరా నడిచి వెళ్లిపోయాడు. దీప తలూపింది. సారే చెప్పాక ఇక అనుమానం ఏముంటుంది? పైనున్నదే నేర్చుకుంది. ఖాళీలన్నిటికీ మార్కులు తెచ్చుకుని పాసయింది. ఆమె ఫొటో బిక్షపతి ఫొటో పక్కనే అతికించారు. ఆ రోజు ఆమె అందరికీ సమోసాలు తెప్పించింది, గోవర్ధన్‌కు ఇంకొకటి ఎక్కువ పెట్టింది.

డ్రయ్యర్ మీదికి వచ్చిన వారంలోనే, ఒక పొద్దున అలారం మోగింది. బిక్షపతి అవతలి గదిలో పళ్లాలు తూకం వేయిస్తున్నాడు. దీప గాబరా పడలేదు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. తలుపు తీసింది.

కేక వినబడి బిక్షపతి మోకాళ్ల సంగతి మరిచి పరుగెత్తాడు. ఆమెను ఇవతలికి లాగి, హీటర్ ఆపి, చేతి మీద నీళ్లు పోస్తూ, "ఏం గాదు బిడ్డా, ఏం గాదు" అని అరుస్తూనే ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది, మెడ మీద కొంత. ఉప్పల్‌లో దవాఖానాకు తీసుకుపోయారు. ప్రాణానికి ఢోకా లేదు, మచ్చలు మాత్రం ఉంటాయి అన్నారు డాక్టర్లు. గోవర్ధన్ దవాఖానా మెట్ల దాకా పోయాడు. లోపలికి పోలేదు. మెట్ల మీద దీప అత్త కూర్చుని, "మీరేనా బిడ్డా ఆమెకు నేర్పిన సారు?" అని అడిగితే, అవునన్నట్టు తలాడించి, ఫోన్ వచ్చినట్టు నటించి వెనక్కి తిరిగాడు.

దీప కట్టుతో మళ్లీ కంపెనీకి వచ్చిన రోజు చిదంబరం తన గదిలో విచారణ పెట్టాడు. గోవర్ధన్‌ను కూర్చోమన్నాడు. దీప నిలబడే ఉంది.

"నీ రికార్డు చూశానమ్మా. పరీక్షలో ఒక్క మార్కు పోలేదు. అంటే ఏం చేయాలో నీకు తెలుసు. తెలిసి కూడా తలుపు తీశావంటే అది నిర్లక్ష్యం కాక మరేమిటి? ఆ ఫొటో తీసేయడం సరే, అసలు నిన్ను కంపెనీలో ఉంచడమే కష్టం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం..." అని, ఆమె చెయ్యి కంటబడి చిదంబరం ఆ సామెతను అక్కడే మింగేశాడు.

దీప మెల్లగా అంది. "పరీక్షల గదే రాసిన సార్. రైటే వచ్చింది."

"ఎట్లా వస్తుంది? అంత ఘోరమైన తప్పును కంప్యూటర్ ఒప్పుకుంటుందా? గోవర్ధన్, నువ్వు చెప్పవయ్యా ఈ అమ్మాయికి."

దీప అతని వైపు తిరిగింది. వరండాలో తను అడిగిన మాట, అతను చెప్పిన మాట ఆమె కళ్లలోనే ఉన్నాయి. 'ఈ సారే చెప్పిండు' అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె అనలేదు. సారే చెప్తాడని ఎదురుచూసింది.

"చూసి... ఒకసారి చూసి చెప్తాను సార్" అన్నాడు గోవర్ధన్.

చూడవలసిందేముంది? దాన్ని అక్కడ పెట్టినవాడే తను. గదిలోంచి బయటపడి కుర్చీలో కూలబడ్డాడు. చేసినదానికి ఒక సిగ్గు, ఆ పిల్ల ముందు నోరు పెగలనందుకు ఇంకో సిగ్గు. ఆమె తెచ్చుకున్న నిండు మార్కులే ఆమెకు ఎదురు తిరిగాయి. ఆ మార్కులు తన దానం.

సాయంత్రం కాళ్లు అతన్ని ఉప్పల్‌కు లాక్కుపోయాయి. బిక్షపతి గడప మీద కూర్చుని ఉన్నాడు. అండాలు చాయ్ ఇచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది.

"ఆ పిల్లను తీసేస్తరట గదా" అన్నాడు బిక్షపతి.

"ఇంకా ఏం తెల్వదు బావా."

బిక్షపతి కుడిచేతి చొక్కా మోచేతి దాకా మడిచాడు. "ఇగో, ఇట్లనే అయితది ఆ పిల్ల చెయ్యి గూడ. అచ్చం ఇట్లనే. నీళ్లు పోసుకుంట అడిగిన, ఎందుకు తీసినవ్ బిడ్డా అని. 'పరీక్షల రైటుండె మామా, సార్‌ను గూడ అడిగిన' అన్నది." తన పాత మచ్చ మీద వేలు పెట్టాడు. "నేను రాసిందే గదా అది? నా తప్పే గదా ఆ పిల్ల సదివింది?"

గోవర్ధన్ తల దించుకున్నాడు.

"ఎందుకు రైటు పెట్టినవ్? నా కోసమా?"

"బావా, నీ మోకాళ్లు... అక్క..."

"నా కోసమైతే నాకొక్కనికే పెట్టాలె. నా పేరు రాసి, మా బావ, పాస్ చేసిన అని రాయాలె. పట్టుకుంటే ఇద్దరం కలిసి చెప్పుదెబ్బలు తినేటోళ్లం. ఊరందరికీ ఎందుకు పంచినవ్?"

పేరు దాచుకోవడానికి పంచానని బావకు ఏ మొహంతో చెప్పడం? బిక్షపతి చొక్కా చేతి మడత దించుకుంటూ లేచాడు. "పొద్దువోయింది. ఇంటికి పోన్రి సార్" అన్నాడు.

ఇంట్లో, గడప మీద, బావ సార్ అన్నాడు. గోవర్ధన్ చాయ్ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేశాడు.

మర్నాడు చిదంబరం గదికి పోయి, "ఆ అమ్మాయి చెప్పింది నిజమే సార్. జవాబుల కీలో తప్పు పడింది. తప్పు నాదే" అన్నాడు. ఎందుకు పడిందో కూడా చెబుదామని నోరు తెరిచాడు. చిదంబరం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు మరీ కుంగిపోకు. ఇన్ని జవాబులు చేర్చేటప్పుడు ఏదో ఒకటి పొరపాటున పడుతుంది. టైపింగ్ పొరపాటు అని రాసేద్దాం. దాన్ని తీసేయ్. డ్రయ్యర్ వాళ్లందరికీ మళ్లీ పరీక్ష పెట్టు. ఆ అమ్మాయి కూడా రాస్తుంది, పాసైతే ఉంటుంది. తనిఖీ వాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు."

పొరపాటు! ఎంత మెత్తని మాట. గోవర్ధన్ దాని మీద హాయిగా చతికిలబడ్డాడు. దీప ఉద్యోగం పోదు, తన ఉద్యోగం పోదు, బావ పేరు బయటికి రాదు. "సరే సార్" అన్నాడు. గది దాటాక గుండె తేలికపడింది. ఆ తేలిక చూసుకుని అసహ్యం వేసింది.

పరీక్ష రోజు ట్రైనింగ్ హాలులో డ్రయ్యర్ వాళ్లంతా కూర్చున్నారు. బిక్షపతి రాలేదు. గోవర్ధన్ డ్రయ్యర్ గదిలోకి పోయి చూశాడు. గోడ మీద దీప ఫొటో ఉంది. పక్కన ఖాళీ, నాలుగు మూలలా టేపు ముక్కలు. "ఆయనే పీక్కున్నడు సార్. నాకు మిషన్ వద్దని పొద్దుగాల్నే లోడింగ్ కాడికి పోయిండు" అన్నారు ఎవరో. కిటికీలోంచి చూస్తే, వాకిట్లో లారీ దగ్గర బిక్షపతి అట్టపెట్టె ఎత్తుకుని, ఒక్కో అడుగు కూడదీసుకుంటూ పోతున్నాడు. ఏ ఫొటో కోసం గోవర్ధన్ ఇంతా చేశాడో దాన్ని బావ తన చేత్తోనే ఊడబీక్కున్నాడు.

హాలులోకి తిరిగొచ్చి ట్యాబులు పంచాడు. చిదంబరం గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. దీప ముందు వరసలో కూర్చుంది. కుడిచేతికి కట్టు, ట్యాబ్ మీద ఎడమచెయ్యి. అలారం ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తలెత్తింది.

"సార్."

"చెప్పమ్మా."

"ఈసారి ఏది రాయాలె? చేయాల్సిందా, మీరు మార్కేసేదా?"

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలియక అడిగింది. ఒకసారి అడిగి, చెప్పింది నమ్మి, చెయ్యి కాల్చుకున్న మనిషి మళ్లీ ఆ మనిషినే అడుగుతోంది. హాలులో అందరి వేళ్లూ ట్యాబుల మీదే ఆగాయి.

గోవర్ధన్‌కు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. నాచారంలో భూమి ఎవరికోసమూ చీలదు. గుమ్మంలో చిదంబరం ఉన్నాడు, 'టైపింగ్ పొరపాటు' అన్న మాట ఇంకా చెల్లుతూనే ఉంది. గోవర్ధన్ దీప వైపు తిరిగాడు.

"చేయాల్సిందే రాయమ్మా. అప్పుడు నేను ఒప్పుకున్న జవాబు తప్పు. పొరపాటున పడలేదది. మా బావ బిక్షపతి పాసు కావాలని, తప్పని తెలిసి నేనే పెట్టిన. బావకు తెల్వదు. ఒక్కనికే పెడితే నా పేరు బయట పడుతదని అందరికీ పెట్టిన. నువ్వు అడిగిన రోజు గూడ, తెలిసే, ఏది రాసినా మార్కొస్తదని చెప్పిన."

చిదంబరం "గోవర్ధన్, ఒకసారి నా గదికి రా" అని వెనుదిరిగి వెళ్లిపోయాడు. దీప కట్టుకట్టిన చేతి వంక కాసేపు చూసుకుంది. తర్వాత తల వంచి, ఎడమచేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ 'హీటర్ ఆపాలి' అని కొట్టి పంపింది.

తెర మీద పచ్చ టిక్కు పడింది. దీప దాని వంక చూడలేదు. నిజంగా రైటేనా అన్నట్టు గోవర్ధన్ మొహంలోకి చూసింది.